మైనస్ ముప్ఫై

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషికి కూతుర్ని రేసుల్లో దింపడం అంటే ఏమిటో తెలియదు. తెలిసుంటే సామెతను అక్కడితో ఆపేవాడు కాదు. నేను ఇల్లు కట్టి చూశాను, కట్టిన ఇల్లు అమ్మి కూడా చూశాను. ఆ డబ్బు ఏడాదిన్నర వచ్చింది.

మా అమ్మడికి పదహారు నిండాయి. అది నడిపేది ఒక్క మనిషి పట్టే కారు. పైకప్పు ఉండదు, నాలుగు చక్రాలూ బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. పిల్లల రేసుల్లో ఇది రెండో మెట్టు. మూడో మెట్టు ఎక్కించడానికి అమ్ముదామంటే ఇంకో ఇల్లు లేదు. ఉన్నది ఒక్కటే దారి. ఏడాది మొత్తం మీద ఎక్కువ పాయింట్లు వచ్చినవాళ్ళకి పై మెట్టులో ఒక ఏడాది ఖర్చంతా నిర్వాహకులు పెట్టుకుంటారు. అది వస్తే సరే, రాకపోతే హెల్మెట్ అటక మీదికి, పిల్ల కాలేజీకి. ఈ మాట నేనే దాని ముఖం మీద చెప్పాను. అది తల ఊపి, వెళ్ళి గెలవడం మొదలుపెట్టింది.

ఈ రేసుల గొప్పదనం ఏమిటంటే అందరికీ ఒకే రకం ఇంజిను. డబ్బున్నవాడు మంచి ఇంజిను కొనుక్కుని గెలిచేస్తాడని ఈ ఏర్పాటు చేశారు. ఇంజిన్లన్నీ నిర్వాహకులవే. ఏడాది మొదట్లో చీటీలు వేసి, ఎవరికి ఏ నంబరు వస్తే అది అద్దెకిస్తారు. బోల్టుల తలల్లోంచి సన్నటి తీగ దూర్చి, సీసపు బిళ్ళ నొక్కి సీలు వేస్తారు. సీలు తెగితే కారు ఇంటికే. ముప్ఫై గంటలు నడిచాక ఇంజిను విప్పి, అరిగినవి మార్చి, మళ్ళీ సీలు వేయాలి. ఆ పని చేసేది మా షెడ్డు.

మా షెడ్డంటే మా నాన్న షెడ్డు. ఒకప్పుడు లారీ ఇంజిన్లు బాగుచేసేవాడు. ఇప్పుడు డెబ్బై దాటాయి. ఈ ట్రాకు చుట్టుపక్కల ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ పెద్దాయనే. ఆయన చేతి కింద పని నేర్చుకున్నవాళ్ళు సగం జట్లలో ఉన్నారు. రేసుల ఇన్‌స్పెక్టరు కూడా చిన్నప్పుడు మా షెడ్డులో కిరసనాయిల్లో బోల్టులు కడిగినవాడే. నాన్న చెప్పిన కొలతకి తిరుగు ఉండదని ఎదుటి జట్టువాళ్ళు కూడా ఒప్పుకుంటారు. నేనైతే ఒప్పుకోవడం కాదు, దాన్ని నమ్ముకునే బతికాను.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. కొలత ఒక్కరే చదవకూడదు. ఒకరు గేజీ చూసి అంకె పైకి చెప్పాలి. వెనక నిలబడ్డవాళ్ళు తమ కళ్ళతో చూసి, తమకు కనిపించిన అంకె పైకి చెప్పాలి. రెండూ కలిస్తేనే కాగితం ఎక్కుతుంది. వెనకవాళ్ళు “అవును” అంటే నాన్నకి ఒళ్ళు మండేది. “అవును అనడానికి బుర్ర అక్కర్లేదే, అంకె చెప్పు” అనేవాడు. నాకు ఎక్కాల కంటే ముందు ఇది నేర్పాడు. ఇరవై రెండేళ్ళుగా రోజుకి పదిసార్లు ఆయన వెనక నిలబడి అంకెలు చెబుతూనే ఉన్నాను. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, కూరగాయల కొట్టువాడు తూకం చదివినా వెనకనుంచి నేను నా అంకె చెబుతాను. వాడికి నేనంటే గిట్టదు.

అమ్మడు రేసుల్లోకి దిగినప్పుడు సహజంగానే గొడవ వచ్చింది. కూతురి ఇంజిను తల్లి విప్పుతుందా అని అడిగారు. న్యాయమే, నేనైనా అడిగేదాన్ని. ఆ మీటింగులో లేచి మధ్యేమార్గం చెప్పింది సిమెంటాయన. సిమెంటు వ్యాపారంలో బాగా గడించినవాడు. కొడుకు కూడా అమ్మడి ఈడువాడే, మంచి డ్రైవరు.

“ఆ ఒక్క ఇంజినూ పెద్దాయన చేస్తే మాకేం అభ్యంతరం లేదు. కానీ ఆయన ఒక్కడే చెయ్యాలి. అమ్మాయి చెయ్యి పడకూడదు, కన్ను కూడా పడకూడదు” అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. అలా అమ్మడి ఇంజిను నాన్న ఒక్కడి చేతిలోకి వెళ్ళింది. దాని పని ఉన్నరోజు నేను షెడ్డుకి పోకుండా ఇంట్లో కూర్చునేదాన్ని.

ఇక ఆ రోజు సంగతి. అది ఏడాదిలో ఆఖరి రేసుకి ముందు రేసు. శనివారం ఇది, ఆదివారం ఆఖరిది. పద్దెనిమిది రౌండ్లు. చివరి మూడు రౌండ్లూ నేను ట్రాకు పక్క గోడ పట్టుకుని నిలబడ్డాను కానీ కళ్ళు మూసుకునే ఉన్నాను. తెరిచేసరికి అమ్మడు ముందు దాటింది. దాని వెనకే సిమెంటాయన కొడుకు, ఆ వెనక ఇంకో ఇద్దరు. నలుగురూ ఒక్క సెకను లోపల గీత దాటారు. అమ్మడు కారు దిగి, హెల్మెట్ తీసి, దాన్ని రెండు చేతులతో గుండెకి అదుముకుని అలాగే నిలబడింది. ఎగరలేదు, అరవలేదు. దాని ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. నేను మాత్రం సిగ్గు లేకుండా ఏడ్చాను.

పావుగంటకే సిమెంటాయన అభ్యంతరం కాగితం పెట్టాడు. గెలిచిన కారు ఇంజిను విప్పి చూపించాలని. దానికి కట్టాల్సిన రుసుము మామూలుది కాదు. మాకు ఒక జత టైర్లు వస్తాయి దాంతో. అందుకే ఆరేళ్ళలో ఎవరూ అడగలేదు.

“నేరుగా చెబుతున్నానమ్మా, మనసులో ఏం పెట్టుకోకు. తిన్నగా పోయే దారిలో మీ కారు మావాణ్ణి వదిలేసి దూసుకుపోతోంది. మలుపుల్లో మావాడు దగ్గరికొస్తున్నాడు, తిన్నటి దారిలో దూరమైపోతున్నాడు. తేడా ఎక్కడుందో చూసుకోవాలి కదా” అన్నాడు నాతో.

“చూసుకోండి. పెద్దాయన చేతి ఇంజిను. విప్పి, మళ్ళీ బిగించి, సిమెంటు పూసి పంపిస్తాం” అన్నాను. నా నోటికి ఎప్పుడూ తొందరే.

నాన్న పక్కనే ఉన్నాడు. సీసా ఎత్తి మంచినీళ్ళు తాగుతున్నాడు. ఒకే గుక్కలో సీసా ఖాళీ చేసి, ఎండ ఎక్కువగా ఉందన్నాడు. ఎండ నిజంగానే ఎక్కువగా ఉంది.

తనిఖీ టెంటులో ఇంజిను కిందికి దించి, స్టాండు మీద పెట్టి విప్పడానికి గంటన్నర పట్టింది. నిబంధన ప్రకారం విప్పినవాళ్ళే కొలవాలి, ఇన్‌స్పెక్టరు రాసుకోవాలి. అమ్మడి ఇంజిను కాబట్టి విప్పేది నాన్న. నేను ముట్టుకోకూడదు, తనిఖీ కాబట్టి చూడొచ్చు. అందుకని చేతులు వెనక్కి కట్టుకుని, ఆయన భుజం వెనక నిలబడ్డాను. బల్లకి అటువైపు ఇన్‌స్పెక్టరు, సిమెంటాయన, ఆయన మెకానిక్కులు ఇద్దరు. టెంటు గుమ్మంలో అమ్మడు, ఇంకా రేసు బట్టల్లోనే.

పిస్టన్లు సరిపోయాయి. వాల్వులు సరిపోయాయి. నాన్న ఒక్కో అంకె చెబుతుంటే ఇన్‌స్పెక్టరు తల కూడా ఎత్తకుండా రాసుకుంటున్నాడు. గురువు చెబుతుంటే శిష్యుడు తొంగి చూస్తాడా? సిమెంటాయన ముఖం వాడిపోతోంది. రుసుము పోయిందని నాకు లోపల్లోపల సంబరంగా ఉంది.

మిగిలింది హెడ్డు ఎత్తు. ఇది కొంచెం చెప్పాలి. ఇంజిను పైభాగాన్ని హెడ్డు అంటాం. వేడికి దాని అడుగు వంకరపోతే మిషను మీద పెట్టి సన్నగా చెక్కి చదును చేస్తాం. చెక్కిన కొద్దీ హెడ్డు పల్చబడుతుంది, లోపల మంట మండే చోటు చిన్నదవుతుంది, దెబ్బ గట్టిగా తగులుతుంది, కారు వేగం పెరుగుతుంది. అందుకే ఇంతకంటే పల్చబడకూడదని ఒక హద్దు పెట్టారు. హద్దు దాటితే హెడ్డు పారేసి కొత్తది కొనాలి. ఇన్‌స్పెక్టరు దగ్గర సరిగ్గా ఆ హద్దంత ఎత్తున్న ఉక్కు దిమ్మ ఉంటుంది. దాని మీద డయల్ గేజీ పెట్టి ముల్లుని సున్నా దగ్గరికి తెస్తాడు. తర్వాత హెడ్డు కొలిస్తే, ముల్లు సున్నాకి కుడివైపు ఆగితే మంచిది. ఎడమవైపు ఆగితే కాదు.

ఇన్‌స్పెక్టరు సున్నా పెట్టి గేజీ నాన్నకిచ్చాడు. నాన్న హెడ్డు మీద పెట్టాడు. డయల్ ముఖం తనవైపు ఉంది. ముల్లు కదిలి ఆగింది.

“సున్నా మీద రెండు” అన్నాడు నాన్న.

“మైనస్ ముప్ఫై” అన్నాను నేను.

అన్నానని నాకు తెలియదు. ఆ గొంతు నాదేనని కూడా ఒక క్షణం తెలియలేదు. ఇరవై రెండేళ్ళ అలవాటు నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ముల్లు ఎడమవైపు ముప్ఫై దగ్గర ఉంది. అది నాకు కనిపించింది, కనిపించిన అంకె చెప్పాను. చెప్పాక అర్థమైంది. మైనస్ ముప్ఫై అంటే మిల్లీమీటరులో పది పాళ్ళకి మూడు పాళ్ళు. మా పనిలో అది వెంట్రుకవాసి తేడా కాదు, పట్టపగలు కనపడే తేడా.

ఇన్‌స్పెక్టరు కలం ఆగిపోయింది. నాన్న వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు. ముప్ఫై గీతలు కనపడనంతగా ఆయన కళ్ళు పోయాయా? రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటాం. ఆయన అన్నంలో రాళ్ళు ఏరుకుంటుంటే చూస్తాను. నాకెలా తెలియలేదు?

“నాన్నా, ఇంకోసారి చూడు. కళ్ళద్దాలు తుడుచుకో” అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకోలేదు.

ఇన్‌స్పెక్టరు బల్ల చుట్టూ తిరిగి వచ్చి వంగి చూశాడు. మళ్ళీ దిమ్మ మీద సున్నా చూసుకుని, తనే నాలుగు మూలలా కొలిచాడు. నాలుగు మూలలా ముప్ఫై, ముప్ఫై ఒకటి. సిమెంటాయన గెలిచిన మొహం పెడతాడనుకున్నాను. ఆయన నోరు తెరుచుకుని నాన్ననే చూస్తున్నాడు. ఆయన పట్టుకుందామనుకున్నది నన్ను. పెద్దాయన దొరుకుతాడని ఆయన కలలో కూడా అనుకోలేదు.

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. “గురువు గారూ, నిబంధన మీకు తెలుసు. పనిలో పొరపాటైతే ఈ ఒక్క రేసు ఫలితం పోతుంది, షెడ్డుకి జరిమానా. కావాలని చేసిందైతే పిల్ల ఏడాది పాయింట్లన్నీ పోతాయి. అది నేను మార్చలేను.” ఆగి, చిన్నగా అడిగాడు. “మీకు... కళ్ళు సరిగ్గా కనపడటం లేదా?”

నాన్న గుమ్మం వైపు చూశాడు. అమ్మడు హెల్మెట్ అలాగే పట్టుకుని ఉంది, కానీ ముఖం పాలిపోయింది. నాన్న దాన్ని చాలాసేపు చూశాడు.

“అవును. కొన్నాళ్ళుగా కనపడటం లేదు. పని పోతుందని చెప్పలేదు” అన్నాడు.

చెప్పి, హెడ్డు మీదున్న గేజీని తీసి వట్టి బల్ల మీద పెట్టాడు. దాన్ని మెత్తటి గుడ్డ మీద తప్ప బల్ల మీద పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఇన్‌స్పెక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరో కుర్చీ తెచ్చారు. సిమెంటాయనే వచ్చి నాన్న మోచెయ్యి పట్టుకుని, “మెల్లగా పెద్దాయనా, ఇక్కడ మెట్టుంది” అంటూ మా వ్యాను దాకా నడిపించాడు. దారిపొడవునా జట్లవాళ్ళు లేచి నిలబడ్డారు. కొందరు దండం పెట్టారు. శత్రువు చేత చెయ్యి పట్టించుకుని నడిచే మనిషి కాదు మా నాన్న.

రేసు ఫలితం కొట్టేశారు. అయినా లెక్క మిగిలే ఉంది. మర్నాటి ఆఖరి రేసులో అమ్మడు మొదటి ముగ్గురిలో ఉంటే చాలు, ఏడాది మొత్తం మీద అదే మొదట. నిర్వాహకులు అదనపు ఇంజిను ఇస్తామన్నారు. “పెద్దాయన కళ్ళకి పిల్ల ఏం చేస్తుంది” అని సిమెంటాయన కూడా ఒప్పుకున్నాడు. మనిషిని చెడ్డవాడనుకున్నందుకు నాకు సిగ్గేసింది.

వ్యాను అంటే మా పనిముట్ల బండి. వెనక తలుపులు రెండూ తెరిస్తే లోపల బల్ల, అరలు, రెండు స్టూళ్ళు. నాన్న స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఎదురుగా కింద కూర్చుని ఆయన మోకాళ్ళు పట్టుకున్నాను.

“ఎప్పట్నుంచి నాన్నా? నాకెందుకు చెప్పలేదు? సోమవారమే డాక్టరు దగ్గరికి పోదాం. ఈ రోజుల్లో పొరలు తీసెయ్యడం గంట పని. నీ అంత మొండివాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు. ఒక్క మాట, ఒక్క మాట చెప్పుంటే...” నా నోరు ఆగడం లేదు. ఏడుస్తున్నాను, తిడుతున్నాను, ఏది ఎక్కడ ఆగుతోందో తెలియడం లేదు.

నాన్న పక్క అరలో పడున్న పాత సీలు బిళ్ళ ఒకటి తీశాడు. గోరంత ఉంటుంది అది. దాని మీది అంకెలకి నాకు భూతద్దం కావాలి.

“నాలుగు, ఒకటి, ఒకటి, ఏడు, సున్నా” అని చదివి నా చేతిలో పెట్టాడు. “నా కళ్ళకేం కాలేదే.”

నేను భూతద్దం తీసి చూశాను. నాలుగు, ఒకటి, ఒకటి, ఏడు, సున్నా. అంకెలు చూస్తూ కూర్చున్నాను. ఆయన చెప్పింది నా చెవిలో పడింది కానీ లోపలికి దిగడానికి దారి దొరకలేదు. మా నాన్న అబద్ధమాడడు. ఇది నా నమ్మకం కాదు, పొద్దున సూర్యుడొస్తాడని ఎవరైనా నమ్మకం పెట్టుకుంటారా? అలాంటిది.

“మొదటిసారి చెక్కింది చదును కోసం. అక్కడికి హద్దు మీద రెండే ఉంది. ఇంకోసారి చెక్కింది పిల్ల కోసం” అన్నాడు.

“ఎందుకు?”

“ఎందుకేమిటే? అందరికీ ఒకే ఇంజిను అంటారు. సిమెంటాయన కొడుకు ఈ ఏడాది ఇరవై ఆరు రోజులు ట్రాకు అద్దెకి తీసుకుని ఒంటరిగా సాధన చేశాడు. మనది మూడు రోజులు. వాడికి పూటకో కొత్త జత టైర్లు. మన పిల్ల ఇంకొకరు వాడి పారేసిన టైర్ల మీద తిరిగి తిరిగి, జారుతున్న కారుని పట్టుకుని... చేతులు చూశావా దానివి? వాడి చుట్టూ కంప్యూటర్లు పెట్టుకుని నలుగురు. దీని చుట్టూ నువ్వూ నేనూ. ఇంజిను ఒక్కటే సమానం, మిగతావన్నీ డబ్బు. నా చేతిలో ఉన్నది అదొక్కటే. మిషను తిరుగుతోంది, హెడ్డు దాని మీదే ఉంది, షెడ్డులో ఎవరూ లేరు. వెనక నిలబడి అంకె చెప్పేవాళ్ళు లేరు. చెయ్యి తిప్పాను.”

నాకు కోపం రావాలి. రాలేదు. ఒక్క ఆలోచన మాత్రం వచ్చింది, అదీ సగమే. అమ్మడికి తెలియకూడదు.

తలుపు చప్పుడైంది. అమ్మడు వ్యాను వెనక మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. ఎప్పుడొచ్చిందో చూడలేదు. ఒక బూటు విప్పేసి ఉంది, రెండోది చేతిలో ఉంది.

“తాతయ్యా” అంది. గొంతు మామూలుగానే ఉంది. “మూడు పాళ్ళు తీస్తే రౌండుకి ఎంతొస్తుంది?”

నేను ఆయన వైపు చూశాను. నా ముఖంలో ఏం రాసుందో ఆయనకి తెలుసు. ఏమీ రాదని చెప్పు. పిసరంత అని చెప్పు. పిల్ల నమ్ముతుంది, నువ్వేం చెప్పినా అది నమ్ముతుంది.

“సెకనులో పదో వంతు. కొంచెం ఎక్కువే ఉంటుంది, ఇక్కడ తిన్నటి దారి పొడుగు కాబట్టి” అన్నాడు.

అమ్మడు లెక్క వేసుకోవడం కనిపించింది. పెదాలు కదిలాయి. పద్దెనిమిది రౌండ్లు. సెకనున్నర పైన. నలుగురం సెకను లోపల దాటాం.

“అంటే నాలుగో స్థానం” అంది.

“అంతే” అన్నాడు నాన్న.

“నేను గెలవలేదన్నమాట.”

దాని చేతిలో బూటు కింద పడింది. అది తీసుకోలేదు. కారు దిగి హెల్మెట్ గుండెకి అదుముకున్నప్పటి ముఖం నాకు గుర్తొచ్చింది. దాన్ని మేమే ఇచ్చాం, మేమే లాక్కున్నాం. ఫలితం కొట్టేసినప్పుడు కూడా దాని దగ్గర ఒకటి మిగిలింది, గీత ముందు దాటింది నేనే అని. ఇప్పుడు అదీ లేదు.

“రేపు అసలు ఇంజినుతో నువ్వేంటో చూపిస్తావులే. మొదటి ముగ్గురిలో ఉంటే చాలు” అన్నాను.

“ఇన్‌స్పెక్టరు గారికి ఎవరు చెబుతారు?” అంది.

“ఏం చెప్పాలి?”

“తాతయ్యకి కళ్ళు కనపడతాయని.”

“ఎవరూ చెప్పక్కర్లేదు” అన్నాను.

అది నా నోట్లోంచి వచ్చింది. మైనస్ ముప్ఫై వచ్చినట్టు తెలియకుండా రాలేదు. బాగా తెలిసే అన్నాను. ఇద్దరూ నన్ను చూశారు. తాతా మనవరాలూ ఒకేలా చూశారు, ఆ చూపుకి నేను తట్టుకోలేకపోయాను.

“ఏంటలా చూస్తారు? చెబితే ఏమవుతుందో తెలుసా? ఏడాదంతా పోతుంది. ఇల్లు పోయింది. ఇది కూడా పోతే ఇంకేం మిగలదు. తప్పు చేసింది నువ్వా అమ్మడూ? కాదుగా. ఒక రేసు పోయింది, శిక్ష అయిపోయింది, ఇంక చాలు!”

“టెంటులో అంత మందిలో అరిచింది నువ్వే కదే” అన్నాడు నాన్న. ఎత్తిపొడుపు లేదు అందులో. అడుగుతున్నాడంతే.

“నీ కళ్ళు పోయాయనుకున్నాను! తెలిసుంటే అరిచేదాన్ని కాదు” అన్నాను.

నేను నిజాయితీపరురాలినని ఊరంతా చెప్పుకున్నాను. ఆ మధ్యాహ్నం కూడా, కూతురు గెలిచిన రేసునైనా సరే పోగొట్టుకుని నిజం చెప్పిందని జనం నన్ను మెచ్చుకున్నారు. అదంతా ఒట్టి అలవాటు. నిజంగా తూకం వేయాల్సొచ్చేసరికి నేనేమిటో నాకే తెలిసింది. మా నాన్న సంగతి తెలిసినప్పటికంటే ఎక్కువ బిత్తరపోయాను.

అమ్మడు నాతో వాదించలేదు. “అమ్మా, రేపు నేను గెలిచినా, ఏడాది పాయింట్లు చూసినప్పుడల్లా నన్ను నేనే అడగాలి. ఇది నేనా, ఇంజినా అని” అంది. కింద పడ్డ బూటు తొడుక్కుంది. రెండోదీ తొడుక్కుంది. లేసులు కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. పదహారేళ్ళ పిల్ల. దానికి నాలుగేళ్ళప్పుడు ఆ లేసులు కట్టడం నేర్పింది నాన్నే.

“తాతయ్యా, పద” అంది.

నాన్న స్టూలు మీంచి లేచాడు. నా తల మీద ఒకసారి చెయ్యి పెట్టి, మెట్టు దిగాడు. నేను లేవలేదు. ఆపడానికీ లేవలేదు, వెంట వెళ్ళడానికీ లేవలేదు.

మా వ్యానుకీ తనిఖీ టెంటుకీ మధ్య వంద అడుగుల దూరం ఉంటుంది. కార్లు సర్దే వేళ. నేలంతా కరెంటు తీగలు, గాలి గొట్టాలు, జాకీలు, టైర్ల దొంతరలు. దిగిన ఆయన్ని చూసి అటునుంచి సిమెంటాయన పరిగెత్తుకొచ్చాడు, చెయ్యి పట్టుకోవడానికి. ఇంకో కుర్రాడు దారిలో ఉన్న జాకీని గబగబా పక్కకి లాగబోయాడు.

నాన్న చెయ్యి ఎత్తి ఇద్దరినీ ఆపాడు. అమ్మడి చెయ్యి కూడా వదిలేసి ముందుకి నడిచాడు. తీగ దగ్గర కాలెత్తి దాటాడు. గొట్టం పక్కనుంచి తప్పుకున్నాడు. జాకీ దగ్గర ఆగి, దాన్ని తనే పక్కకి జరిపాడు. దారిలో బల్ల మీద పెట్టున్న రౌండ్ల టైముల కాగితం ఒకటి గాలికి ఎగిరి కాళ్ళ దగ్గర పడితే, వంగి తీసి, దాని మీదున్నది చదివి, ఏ జట్టుదో ఆ జట్టువాళ్ళకే ఇచ్చాడు. ఒక్కొక్కరే పని ఆపి చూస్తున్నారు. సిమెంటాయన చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

టెంటు గుమ్మంలో ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. నాన్న ఆయన దాకా చేరేలోపే, ఇంకా నోరు విప్పకముందే, అక్కడున్న అందరికీ సంగతి తెలిసిపోయింది.